రైలు ఆగినన్నాళ్లే ఊరు

ఆ ఊరికి మెయిన్ రోడ్డు లేదు. ఊరి నడిమధ్య నుంచి వెళ్లేవి రైలు పట్టాలు. పట్టాలకు ఒక పక్క నది, ఇంకో పక్క నిట్రాటలా లేచిన కొండ. కొండకు వీపు ఆనించి మూడు పాత భవనాలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి గడప దిగితే నాలుగడుగుల్లో రైలు కట్ట. ఒకప్పుడు బ్యాంకులో డబ్బు వేయాలన్నా, మందులషాపులో మాత్ర కొనాలన్నా, రైలు వస్తోందేమో అటూ ఇటూ చూసుకుని నడవాల్సిన ఊరు అది. పేరు థర్మండ్. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, ఫయెట్ కౌంటీ. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉంటున్నవాళ్లు ఐదుగురు.

ఈ ఐదుగురి ఊళ్లోనే 1910 ప్రాంతంలో రోజుకు 15 ప్యాసింజర్ రైళ్లు ఆగేవి. ఏడాదికి 95 వేల మంది దాకా ఆ స్టేషన్లో ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. వర్జీనియా సముద్రతీరం నుంచి ఒహాయో దాకా, ఆపైకి కూడా పరుచుకున్న చెసపీక్ అండ్ ఒహాయో రైల్వేకు సరకుల మీద అన్ని స్టేషన్లకన్నా ఎక్కువ రాబడి తెచ్చిపెట్టింది ఈ ఇరుకు స్టేషనే. రెండు బ్యాంకులు, హోటళ్లు, నగల దుకాణం, మాంసం గోదాములు, పూటకూళ్ల ఇళ్లు అన్నీ ఉండేవి. అంత సందడిలోనూ సొంత జనాభా ఎప్పుడూ ఐదు వందలు దాటలేదు. 1930 నాటి లెక్కల్లో సుమారు 460. వచ్చేపోయేవాళ్ల మీద బతికిన ఊరు.

బొగ్గు ఊళ్లు బొగ్గు అయిపోతే పోతాయన్నది మనందరికీ తెలిసిన కథే. థర్మండ్ కథ అది కాదు. ఈ ఊళ్లో చెప్పుకోదగ్గ గని ఏదీ లేదు. రైలింజనుకు ఇక్కడ ఆగక తప్పని పరిస్థితి ఉన్నన్నాళ్లు ఊరు నిండుగా ఉంది. ఆ అవసరం తీరిపోయిన రోజు నుంచి ఖాళీ అవడం మొదలైంది.

ముసలి నదికి కొత్త పేరు

ముందు నది గురించి చెప్పుకోవాలి. దాని పేరు న్యూ రివర్. పేరుకే కొత్త నది. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో ఉత్తర అమెరికా ఖండంలోని అతి పాత నదుల్లో ఇదొకటి. నార్త్ కరోలినా కొండల్లో పుట్టి, వర్జీనియా మీదుగా ఉత్తరానికి పారి, అపలాచియన్ పర్వతాలను అడ్డంగా కోసుకుంటూ వెస్ట్ వర్జీనియాలోకి వస్తుంది. గాలీ బ్రిడ్జ్ దగ్గర గాలీ నదితో కలిసి కనావ నదిగా మారి ఒహాయోలో పడుతుంది. హింటన్ పట్టణం దాటిన దగ్గర్నుంచి గాలీ బ్రిడ్జ్ దాకా అది లోతైన లోయలో పారుతుంది. కొన్నిచోట్ల పైఅంచు నుంచి నీళ్ల దాకా వెయ్యి అడుగుల దిగుడు.

నది కొండను అంత లోతుగా కోయడంతో లోపల పొరలు పొరలుగా దాగిన బొగ్గు లోయ గోడల్లోనే బయటపడింది. మన సింగరేణి పాత గనుల్లోలా నేలలోకి బావి తవ్వి దిగాల్సిన పని లేదు. కొండ పక్కన అడ్డంగా సొరంగం తవ్వుకుంటూ వెళ్తే చాలు. పైగా అది పొగ తక్కువ, గంధకం తక్కువ, వేడి ఎక్కువ ఉండే బొగ్గు. ఓడలకూ ఉక్కు కొలుములకూ అలాంటి బొగ్గే కావాలి. బొగ్గు కళ్లముందే కనిపిస్తోంది, తీసుకెళ్లే దారి మాత్రం లేదు. నదిలో పడవ నడవదు, అన్నీ రాళ్లూ సుడులూ. లోయలోకి బండి దిగదు.

ఆ దారిని రైల్వే వేసింది. చెసపీక్ అండ్ ఒహాయో లైనును ఒహాయో నది దాకా తీసుకెళ్లే బాధ్యత నెత్తికెత్తుకున్నవాడు కాలిస్ హంటింగ్టన్. అమెరికా ఖండాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కలిపిన తొలి రైలుమార్గం వెనక ఉన్న నలుగురు పెద్ద వ్యాపారుల్లో ఒకడు. డబ్బు తెచ్చినవాడి పేరు చరిత్రలో ఉంది. హంటింగ్టన్ అనే నగరమే వెలిసింది. కొండ తొలిచినవాళ్ల పేర్లు చాలావరకు లేవు. వాళ్లలో అత్యధికులు అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి అప్పుడప్పుడే బయటపడ్డ నల్లజాతివాళ్లు. హింటన్‌కు కాస్త పైన, టాల్కాట్ దగ్గర గ్రేట్ బెండ్ సొరంగాన్ని 1870 నుంచి 1872 దాకా సుత్తులతో, ఉలులతో, మందుగుండుతో తవ్వారు. పొడవు ఒక మైలు పైనే. ఆవిరి యంత్రంతో పందెం కాసి సుత్తితో గెలిచి, గెలిచిన చోటే గుండె ఆగి పడిపోయాడని అమెరికా అంతా పాడుకునే జాన్ హెన్రీ ఈ సొరంగం పనివాడేనని అక్కడివాళ్ల నమ్మకం. టాల్కాట్‌లో ఆయన విగ్రహం ఉంది. పేరు దొరకని వేలమందికి ఆ ఒక్క విగ్రహమే గుర్తు.

1873 జనవరి 29న హాక్స్ నెస్ట్ దగ్గర చివరి మేకు దిగ్గొట్టారు. తూర్పు తీరానికీ ఒహాయో నదికీ పట్టాలు కలిశాయి. అదే ఏడాది ఎగువన ఉన్న క్వినిమాంట్ నుంచి జోసఫ్ బెరీ అనే గని యజమాని మొదటి బొగ్గు బండిని పంపించాడు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని విలియం కింగ్ గుర్తించి అప్పటికి రెండేళ్లు. అక్కడ తవ్వకం మొదలవడానికి ఇంకో పదిహేనేళ్లకు పైగా పట్టింది. న్యూ రివర్ లోయలో రైలు ముందే వచ్చింది కాబట్టి బొగ్గు ఆగలేదు. గనులు, వాటి పక్కన కంపెనీ ఇళ్లు, కోక్ బట్టీలు పుట్టగొడుగుల్లా లేచాయి.

ఒడ్డుకో నీతి

రైలు వచ్చిన ఏడాదే విలియం డాబ్నీ థర్మండ్ అనే ఆయనకు నది ఒడ్డున 73 ఎకరాలు దక్కాయి. భూమి కొలిచిపెట్టినందుకు కూలి కింద ఇచ్చిన నేల అది. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన దళం నడిపినవాడు కాబట్టి అందరూ కెప్టెన్ అనేవారు. నిష్ఠాపరుడైన బాప్టిస్టు. తన నేల మీద కట్టిన ఊళ్లో మద్యం చుక్క పడకూడదని కట్టడి చేశాడు. ఊరికి ఆయన పేరే పడింది. 1900 ప్రాంతంలో అది పురపాలక హోదా తెచ్చుకుంది.

నదికి అవతలి ఒడ్డు కథ వేరు. అక్కడ వేల ఎకరాలు థామస్ మెకెల్ కుటుంబానివి. ఆయన భార్య పేరు జీన్. ఆమె పేరు మీదే గ్లెన్ జీన్ అనే ఊరు వెలిసింది. 1890ల మొదట్లో మెకెల్ రైల్వేతో మాట్లాడుకుని, ఎదుటి ఒడ్డున నదిలో కలిసే వాగు వెంట బ్రాంచి లైను వేయించాడు. థర్మండ్ జాతకం మారింది అక్కడే. అప్పటిదాకా కెప్టెన్‌గారి ఇల్లూ మరికొన్ని గోడలూ తప్ప ఊరనేది లేదు. బ్రాంచి లైను వచ్చాక పక్కలోయల బొగ్గంతా ఇక్కడికి దిగి, ఇక్కడ రైళ్లుగా కట్టి, తూర్పుకో పడమరకో పోవడం మొదలైంది. తూర్పుకు పోయింది న్యూపోర్ట్ న్యూస్ రేవుకు చేరి ఓడలెక్కేది.

1901లో మెకెల్ తన ఒడ్డున డన్‌గ్లెన్ అనే హోటల్ కట్టాడు. వంద గదులు. కెప్టెన్ ఊళ్లో దొరకనివన్నీ అక్కడ దొరికేవి. అక్కడ ఒక పేకాట 14 ఏళ్లపాటు ఆగకుండా సాగిందని చెప్పుకుంటారు. ఆ మాట రిప్లీ వింతల పుస్తకాల దాకా ఎక్కింది. ఆటగాళ్లు మారుతూ బల్ల మాత్రం ఖాళీ కాకుండా ఉందనుకుంటే నమ్మడం కష్టం కాదు. ఎందుకంటే ఆ ఊళ్లో రాత్రి అనేది ఉండేది కాదు. గని యజమాని, సరకు ఏజెంటు, షిఫ్టు దిగిన ఫైర్‌మన్, జీతం చేతికొచ్చిన గనివాడు, ఏ వేళకు ఎవరు రైలు దిగుతారో చెప్పలేం. 1914లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చాక ఆ ఒడ్డు జోరు తగ్గింది.

ఈ హోటల్ కబుర్లే థర్మండ్ గురించి రాసినవాళ్లందరూ ముందు చెబుతారు. నాకు మాత్రం ఆ కబుర్ల వెనక కనపడకుండా పోయిన మనుషుల మీదే మనసు పోతుంది. ఊరికి దగ్గర్లోనే రెడ్ యాష్ గని ఉండేది. 1900 మార్చి 6న అక్కడ జరిగిన పేలుడులో 46 మంది చనిపోయారు. ఈ లోయలోని గనివాళ్లలో స్థానిక కొండవాళ్లున్నారు, దక్షిణాది పొలాల నుంచి వచ్చిన నల్లజాతివాళ్లున్నారు, ఇటలీ, హంగరీ లాంటి దేశాల నుంచి ఓడ దిగినవాళ్లున్నారు. చాలామందికి కూలి డబ్బుల్లో కాకుండా కంపెనీ బిళ్లల్లో ముట్టేది. అవి కంపెనీ దుకాణంలో తప్ప చెల్లవు. కంపెనీ ఇల్లు, కంపెనీ దుకాణం, కంపెనీ డాక్టరు. పని పోతే ఇల్లూ పోయేది.

అలాంటి చోటు నుంచే కార్టర్ వుడ్సన్ వచ్చాడు. తల్లిదండ్రులు బానిసలుగా బతికి బయటపడ్డవాళ్లు. కుర్రతనంలో ఆయన ఇదే లోయలో, నటల్‌బర్గ్, కేమూర్ గనుల్లో పనిచేశాడు. సాయంత్రం పని దిగాక, చదువురాని ఒక తోటి కార్మికుడి ఇంట్లో చుట్టూ చేరినవాళ్లకు పత్రికలు పైకి చదివి వినిపించేవాడు. చదివిన వార్త మీద వాళ్లు చెప్పే అనుభవాలు వినేవాడు. తన జాతి చరిత్ర మీద ఆసక్తి అక్కడే కుదురుకుందని తర్వాత రాసుకున్నాడు. హార్వర్డ్‌లో డాక్టరేటు తీసుకుని, 1926లో నల్లజాతి చరిత్ర వారోత్సవాన్ని మొదలుపెట్టింది ఆయనే. ఇవాళ అమెరికా అంతా ఫిబ్రవరి నెల పొడుగునా జరుపుకునేది దాన్నే. డన్‌గ్లెన్ పేకాటకన్నా ఈ లోయ గురించి మనం గుర్తుంచుకోవాల్సిన రాత్రులు ఆ ఇంట్లోవి.

ఇంజనుకు ఆకలి, దాహం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రైళ్లు ఇక్కడ ఎందుకు ఆగేవి?

బొగ్గు ఇంజనును నడిపినవాళ్లు దాన్ని బండి అనరు, జీవి అంటారు. దానికి ఆకలి, దాహం రెండూ ఎక్కువే. కొండల్లో బరువు లాగితే వందమైళ్లు తిరక్కుండానే బొగ్గు నింపాలి. నీళ్లయితే అంతకన్నా ముందే పట్టాలి. పొయ్యిలో పేరుకున్న బూడిద, చిట్టెం దులపాలి. ఎక్కుడులో చక్రం జారకుండా పట్టాల మీద చల్లే ఇసుక నింపాలి. ఆ ఇసుక తడిగా ఉంటే పనికిరాదు కాబట్టి దాన్ని ముందే ఎండబెట్టి ఉంచాలి. గొట్టాలు కడగాలి. కీళ్లకు నూనె పోయాలి. ఏ బోల్టు వదులైందో సుత్తితో కొట్టి చప్పుడు వినాలి. ప్రతి పనికీ మనుషులు కావాలి, పగలూ రాత్రీ కావాలి. వాళ్లకు ఇల్లు కావాలి, భోజనం కావాలి, పిల్లలకు బడి కావాలి. బొగ్గు ఇంజను ఆగిన ప్రతిచోటా ఊరు పుట్టిందంటే కారణం ఇదే.

నెల్లూరు జిల్లా బిట్రగుంటలో పెద్ద లోకోషెడ్డు ఎరిగినవాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. షెడ్డు సైరనుతో లేచి, షెడ్డు సైరనుతో పడుకున్న రైల్వే కాలనీ అది. ఆవిరి ఇంజన్లు పోయాక అదీ వెలవెలబోయింది.

థర్మండ్‌లో ఆ పనులన్నీ నదికీ కొండకూ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలోనే జరగాలి. ఇంజన్ల షెడ్డు, నీళ్ల ట్యాంకులు, ఇసుక ఇల్లు అన్నీ పట్టాల వెంటే ఇరుక్కున్నాయి. అందుకే రోడ్డుకు చోటు మిగల్లేదు. 1921 దాకా ఈ ఊరికి రోడ్డే లేదు. పెళ్లికైనా, చావుకైనా రైల్లోనే రావాలి. నది దాటడానికి ఒక వంతెన ఉంది. దాని మీద బ్రాంచి లైను పట్టా, పక్కనే ఒక్క కారు పట్టే సందు. ఇవాళ్టికీ ఊళ్లోకి కారు ఆ సందులోంచే వస్తుంది.

పాత స్టేషను కాలిపోతే 1904లో ఇప్పటి రెండంతస్తుల చెక్క స్టేషను కట్టారు. కింద టికెట్లు, సామాన్లు. పైన రైళ్లను నడిపించేవాళ్ల గదులు, పట్టాల మీదకు పొడుచుకొచ్చిన గాజు కిటికీ. అందులో కూర్చున్నవాడికి రెండువైపులా రాబోయే రైలు కనపడుతుంది. గనుల నుంచి దిగే బొగ్గు బండ్లను ఏ రైలుకు తగిలించాలి, ప్యాసింజరుకు ఎప్పుడు దారి ఇవ్వాలి, ఇవన్నీ ఆ కిటికీ దగ్గర తేలేవి. ఎదురుగా ఉన్న వరసలోని మూడు భవనాలూ 1904 నుంచి 1917 మధ్య లేచినవే. చివరిది నేషనల్ బ్యాంక్ ఆఫ్ థర్మండ్.

1922లో కాంక్రీటుతో బొగ్గు బురుజు కట్టారు. అయిదు వందల టన్నులు పట్టేది. పైనుంచి జారవిడిస్తే కింద నిలబడ్డ ఇంజను తొట్టిలో నిమిషాల్లో బొగ్గు నిండేది. అది ఇంకా ఉంది. గోడలకు పెచ్చులూడినా నిలువునా అలాగే ఉంది. అదే ఏడాది ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా కట్టడాలు పోయాయి. 1930లో డన్‌గ్లెన్ హోటల్ కాలిపోయింది. మళ్లీ కట్టలేదు. 1931లో నేషనల్ బ్యాంకు మూతపడింది. ఆర్థిక మాంద్యం దేశమంతటా తీసిన దెబ్బ ఇక్కడా తగిలింది. రోడ్లు వచ్చాక జనం కార్లలో పైనున్న ఊళ్లకు పోవడం మొదలైంది. రెండో బ్యాంకు కూడా పైకి, ఓక్ హిల్ పట్టణానికి తరలిపోయింది.

అయినా షెడ్డు ఉన్నంతకాలం ఊరికి ఊపిరి ఉంది. చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే ఆవిరిని అంత తేలిగ్గా వదులుకోలేదు కూడా. దాని సంపాదన బొగ్గు మోతే. బొగ్గు గనుల ఖాతాదారుల ముందు డీజిల్ కాల్చడానికి మనసొప్పలేదు. మిగతా రైల్వేలు డీజిల్‌కు మారిపోతుంటే ఈ కంపెనీ 1949లో కూడా బాల్డ్విన్ ఫ్యాక్టరీలో కొత్త ఆవిరి ఇంజన్లు చేయించింది. వాటిలో 1309 నంబరు ఇంజను, ఆ ఫ్యాక్టరీ అమెరికా ప్రధాన రైల్వేల కోసం తయారుచేసిన చివరి ఆవిరి ఇంజను. తర్వాతి కాలంలో అది మేరీల్యాండ్‌లో పర్యాటకుల రైలు లాగింది. కానీ డీజిల్ అప్పటికే ఈ పట్టాల మీదకు వచ్చేసింది. 1956కల్లా ఈ రైల్వేలో ఆవిరి శకం ముగిసింది.

డీజిల్ ఇంజనుకు దారిలో నీళ్లక్కర్లేదు, బూడిద లేదు. ఒకసారి నింపితే వందల మైళ్లు పోతుంది. బొగ్గు బురుజు కిందకు ఇంజను రావడం మానేసింది. పనివాళ్లను వేరేచోటికి పంపారు, కొందరిని ఇంటికి పంపారు. బొగ్గు రైళ్లు మాత్రం ఎప్పటిలాగే వెళ్లాయి, ఇవాళా వెళ్తున్నాయి. ఇప్పుడు లైను సీఎస్ఎక్స్ కంపెనీది. వంద బండ్ల పొడవు రైలు పాత బ్యాంకు గుమ్మం ముందు నుంచి గడగడలాడుతూ పోతుంది. ఆగదు.

మిగిలినవాళ్లు

1963లో మిగిలిన హోటల్ కాలిపోయింది. 1993లో ఇంజన్ల షెడ్డు కాలిపోయింది. 2000 లెక్కల్లో జనాభా ఏడుగురు. ఈ మధ్యలో లోయ మళ్లీ జనం కంట్లో పడింది, ఇంకో కారణంగా. 1968 నుంచి ఈ నది సుడుల్లో రబ్బరు పడవల మీద జనాన్ని తిప్పడం మొదలైంది. ఆ పని పెట్టుకున్న తొలి సంస్థ థర్మండ్‌నే చోటు చేసుకుంది. 1977లో దిగువన లోయ మీద 876 అడుగుల ఎత్తున ఉక్కు వంతెన కట్టారు. అంతకుముందు లోయ దిగి ఎక్కడానికి 40 నిమిషాలు పట్టేది, వంతెన మీద నిమిషం కూడా పట్టదు. 1978లో ఈ నదీ లోయను కేంద్ర ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది, 2020 డిసెంబరులో జాతీయ పార్కు హోదా ఇచ్చింది. థర్మండ్‌లో ఎక్కువ భాగం ఇప్పుడు పార్కు సర్వీసుదే. 1904 నాటి స్టేషనును బాగుచేసి 1995లో సందర్శకుల కేంద్రంగా తెరిచింది.

దర్శకుడు జాన్ సేల్స్ 1987లో వచ్చిన ‘మేట్‌వాన్’ సినిమాను ఇక్కడే తీశాడు. 1920లో మేట్‌వాన్ అనే మరో వెస్ట్ వర్జీనియా ఊళ్లో సంఘం పెట్టుకున్న గని కార్మికుల కుటుంబాలను కంపెనీ మనుషులు ఇళ్లలోంచి బయటకు నెట్టారు. అది కాల్పుల దాకా వెళ్లి పదిమంది చనిపోయారు. ఆ కథకు 1920 నాటి ఊరు కావాల్సి వస్తే దొరికింది థర్మండ్. ఎవరూ ఏమీ కొత్తగా కట్టలేదు కాబట్టి పాతది పాతదిగానే మిగిలింది.

2005 ఎన్నికల్లో ఊళ్లోని ఏడుగురిలో ఆరుగురు పోటీ చేశారు. నవ్వు తెప్పించే వార్తలా దేశమంతా చెప్పుకున్నారు. నాకది నవ్వాల్సిన విషయంగా తోచదు. మేయరు, కౌన్సిలు లేకపోతే ఊరు పురపాలక హోదా పోగొట్టుకుని పటం మీద ఒక చుక్కగా మిగిలిపోతుంది. ఏడుగురిలో ఆరుగురు బాధ్యత మోస్తామన్నారంటే ఊరిని ఊరుగా ఉంచాలనే పట్టుదల అది. 2015 ఫిబ్రవరిలో అప్పటి ఐదుగురూ ఒక్కమాట మీద నిలబడి ఒక స్థానిక చట్టం చేశారు. లైంగిక ధోరణినో జెండర్‌నో కారణం చూపి ఉద్యోగంలో, ఇల్లు ఇవ్వడంలో ఎవరినీ తక్కువ చేయకూడదన్నది దాని సారం. అలాంటి చట్టం చేసిన అమెరికా ఊళ్లలో అతి చిన్నది ఇదే. వచ్చేపోయేవాళ్ల మీద బతికిన ఊరికి ఆ చట్టం తగినదే.

థర్మండ్‌లో రైలు ఇప్పటికీ ఆగుతుంది, షరతు మీద. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ మీదుగా షికాగో వెళ్లే ఆమ్‌ట్రాక్ ‘కార్డినల్’ వారానికి మూడు రోజులు ఈ దారిన పోతుంది. వాషింగ్టన్ చుట్టుపక్కల, ఉత్తర వర్జీనియాలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ పిల్లల దగ్గరికి వెళ్లి నెలల తరబడి ఇంట్లో కూర్చునే అమ్మానాన్నలు, రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్లు, లోకోషెడ్డులో తండ్రి పనిచేసినవాళ్లు ఈ రైలెక్కి చూడండి. కొండలు, గ్రేట్ బెండ్ దగ్గరి సొరంగం, హింటన్ యార్డు దాటాక నది కుడిఎడమల ఎక్కడో ఒకచోట మెరుస్తూ వెంట వస్తుంది. స్టేషనులో కూలీలుండరు, క్యాంటీను ఉండదు. పట్టా దాటితే బ్యాంకు భవనం, కొంచెం ముందుకు నడిస్తే బొగ్గు బురుజు.

టికెట్టు కొనేటప్పుడే థర్మండ్‌కు అని చెప్పి కొనండి. దిగేవాళ్లో ఎక్కేవాళ్లో ఉంటేనే అక్కడ రైలు ఆపుతారు.